ప్రమాదం నుంచి అనవధానానికి: మ్యూరియల్ రుకైజర్ ‘మృతుల గ్రంథం’లో సాక్ష్యం - కవిత్వం

ప్రవేశిక

తెలుగులో ‘ప్రమాదం’ అనే మాటకు నేటి వాడుకలో ఉన్న అర్థం అనుకోకుండా వచ్చిపడే ఆపద. రోడ్డు ప్రమాదం, అగ్నిప్రమాదం, గని ప్రమాదం అన్నప్పుడు కర్త ఎవరన్న ప్రశ్న సాధారణంగా తలెత్తదు. సంస్కృతంలో ఈ పదానికి ఉన్న అర్థం వేరు. అమరకోశం ప్రమాదాన్ని అనవధానతకు పర్యాయంగా చెప్పింది. ధమ్మపదంలో రెండవ వర్గానికి ‘అప్పమాద వగ్గం’ అని పేరు. అక్కడ అప్పమాదమంటే ఏమరుపాటు లేకుండా ఉండడం. మనిషి చేసిన లోపానికి ఒకప్పుడు పేరుగా ఉన్న మాట, కాలక్రమంలో మనిషి ప్రమేయం కనిపించని సంఘటనకు పేరైంది. కారణాన్ని చెప్పే పదం ఫలితాన్ని మాత్రమే చెప్పే పదంగా మారింది.

ఈ అర్థవిపరిణామం నిఘంటుకారులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పనిచేసే చోట మరణించిన మనిషి గురించి రాసే కవికి ఇది మొట్టమొదట ఎదురయ్యే చిక్కు. సంఘటనను విధివిలాసంగా చూస్తే విలాపం పుడుతుంది. అనవధాన ఫలితంగా చూస్తే విచారణ పుడుతుంది. విలాపానికి తెలుగులోనూ సంస్కృతంలోనూ సిద్ధంగా ఉన్న కావ్యమార్గాలు అనేకం. విచారణకు కావ్యరూపం ఎలా ఉండాలన్నది తేలని ప్రశ్న. అమెరికన్ కవయిత్రి మ్యూరియల్ రుకైజర్ (1913-1980) ఒక సొరంగ నిర్మాణంలో జరిగిన మరణాల గురించి రాసి, 1938లో ‘యు.ఎస్. 1’ అనే సంపుటిలో ప్రచురించిన ‘మృతుల గ్రంథం’ ఈ ప్రశ్నకు ఒక సమాధానం. 20 ఖండికల ఈ దీర్ఘకావ్యం ప్రమాదమనే మాటకు దాని పాత అర్థాన్ని తిరిగి ఎలా కల్పించిందో, ఆ ప్రయత్నంలో ఎక్కడ తడబడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2025లో దోమలపెంట సొరంగంలో జరిగిన దుర్ఘటన తరువాత ఈ పరిశీలన తెలుగు సాహిత్య విమర్శకు ఎందుకు అవసరమో చివర చర్చిస్తుంది.

నేపథ్యం

పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో గాలీ బ్రిడ్జ్ అనే చిన్న ఊరి దగ్గర న్యూ రివర్ నదిని మళ్ళించి జలవిద్యుత్తు తీయడానికి 1930లో సొరంగం తవ్వకం మొదలైంది. గాలీ కొండ గుండా సుమారు 3 మైళ్ళ పొడవున సాగిన దీనికి హాక్స్‌నెస్ట్ సొరంగమని పేరు. యూనియన్ కార్బైడ్ సంస్థకు అనుబంధమైన న్యూ కనావా పవర్ కంపెనీ దీన్ని తలపెట్టగా, రైన్‌హార్ట్ అండ్ డెన్నిస్ అనే గుత్తేదారు సంస్థ పని చేయించింది. అది అమెరికాను ఆర్థిక మాంద్యం కుంగదీసిన కాలం. సొరంగంలో పనిచేసిన సుమారు 3000 మందిలో అత్యధికులు పని వెతుక్కుంటూ దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతి కార్మికులు.

కొండలోని రాతిలో సిలికా 90 శాతానికి పైగా ఉంది. ఉక్కు తయారీకి పనికివచ్చే ఆ రాయి కంపెనీకి అదనపు లాభం కావడంతో సొరంగాన్ని కొంతమేర వెడల్పు చేశారు. సిలికా ధూళి ఊపిరితిత్తులను గట్టిపరచి ప్రాణం తీస్తుందని అప్పటికే తెలుసు. నీళ్ళు చిమ్ముతూ రంధ్రాలు తొలిస్తే దుమ్ము అణగుతుంది, కాని పని నెమ్మదిస్తుంది. అందువల్ల పొడిగానే తొలిచారు. కార్మికులకు ముసుగులు ఇవ్వలేదు. పేలుళ్ళ తరువాత దుమ్ము అణగకముందే వాళ్ళను లోపలికి పంపారని సాక్ష్యాల్లో బయటపడింది.

మృతుల సంఖ్య విషయంలో ఏకాభిప్రాయం లేదు. అధికారికంగా అంగీకరించినది 109. 1936లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు వినిపించినది 476. మార్టిన్ చెర్నియాక్ 1986లో వెలువరించిన పరిశోధన గ్రంథం అంచనా 764. ఒక మరణకాండ పరిమాణంపై యాభై ఏళ్ళ తరువాత కూడా ఇంత తేడా ఉండడానికి కారణం ఉంది. పనివాళ్ళు వలసవచ్చినవాళ్ళు. జబ్బుపడగానే చాలామంది తమ ఊళ్ళకు వెళ్ళిపోయారు, లేదా వెళ్ళగొట్టబడ్డారు. వాళ్ళ మరణాలు సొరంగం లెక్కలోకి రాలేదు. బాధితులు వేసిన దావాలు 1933లో రాజీతో ముగిసినప్పుడు పరిహారం జాతిని బట్టి, వివాహస్థితిని బట్టి హెచ్చుతగ్గులుగా పంచారు. కేసు పత్రాలను ప్రతివాదుల పక్షానికి అప్పగించాలన్నది ఆ రాజీలో ఒక షరతు. రుకైజర్ రచనను అర్థం చేసుకోవడానికి ఈ షరతు ముఖ్యం. రికార్డును తొలగించిన చోట కావ్యం రికార్డు పని చేయవలసి వచ్చింది.

పత్రం పద్యమైన తీరు

రుకైజర్ 1936లో ఛాయాచిత్రకారిణి నాన్సీ నౌంబర్గ్‌తో కలిసి గాలీ బ్రిడ్జ్ వెళ్ళింది. అప్పటికి ఆమె వయసు 22-23 ఏళ్ళు. ఆమె ముందున్న సామగ్రిలో ప్రధానమైనవి కాంగ్రెస్ ఉపసంఘం విచారణ పత్రాలు. ‘రహదారి’ అనే తొలి ఖండిక పాఠకుణ్ణి ప్రయాణానికి సిద్ధం చేస్తుంది. ఆ తరువాత సామాజిక కార్యకర్త వాంగ్మూలం, వైద్యుని సాక్ష్యం, రోగి ఉత్తరం, తల్లి మాటలు, ఇంజినీరు వివరణ వరసగా వస్తాయి. వీటిలో చాలాభాగం విచారణ పత్రాల్లోని మాటలే. కవయిత్రి వాటిని కుదించి, పాదాలుగా విరిచి, కొత్త క్రమంలో పేర్చింది.

ఈ పద్ధతి వెలువడిన నాడే వివాదాస్పదమైంది. వార్తాకథనం కవిత్వమవుతుందా అన్నవారున్నారు. విలియం కార్లోస్ విలియమ్స్ వంటి కవి పత్రాలను ఆమె వాడిన నేర్పును మెచ్చుకున్నాడు. తెలుగు విమర్శలో కూడా ‘ఇది నివేదికే గాని కవిత్వం కాదు’ అన్న తీర్పు శ్రామిక సాహిత్యం విషయంలో తరచు వినవచ్చేదే. ఆ తీర్పు వెనుక, మాటకు కవి చేసే అలంకరణే కవిత్వమన్న నమ్మకం ఉంది. రుకైజర్ కావ్యంలో కవిత్వం అలంకరణలో కాక పాదవిభజనలో, పొందికలో ఉంది.

‘వ్యాధి’ అనే ఖండిక దీనికి మంచి ఉదాహరణ. వైద్యుడు ఎక్స్‌రే చిత్రాలను ఒకదాని తరువాత ఒకటి చూపుతూ ఊపిరితిత్తుల్లో మచ్చలు ఎలా పెరిగాయో వివరిస్తాడు. భాషలో ఉద్వేగం లేదు. ప్రశ్న, జవాబు, మళ్ళీ ప్రశ్న. ఈ వ్యాధి మరణానికి కారణమవుతుందా అన్న ప్రశ్నకు వైద్యుడు చెప్పే క్లుప్తమైన అంగీకారంతో ఖండిక ముగుస్తుంది. విచారణ పత్రంలో ఆ జవాబు తరువాత మరో ప్రశ్న ఉంటుంది, విచారణ సాగుతుంది. కావ్యంలో దాని తరువాత ఖాళీ ఉంది. ఆ ఒక్క మాటకు అంత బరువు రావడానికి కారణం కవయిత్రి చేర్చిన మాట కాదు, ఆపిన చోటు.

‘ఆనకట్ట’ ఖండికలో మరో రకం పొందిక కనిపిస్తుంది. నీటి ప్రవాహాన్ని నిరంతర శక్తిగా వర్ణిస్తున్న పాదాల మధ్య భౌతికశాస్త్ర సమీకరణం వస్తుంది. యూనియన్ కార్బైడ్ వాటా ధర తెలిపే స్టాక్‌మార్కెట్ పంక్తి వస్తుంది. కవయిత్రి దానిపై ఒక్క వ్యాఖ్య కూడా చేయదు. నీరు, శక్తి, ధర ఒకే పుట మీద నిలుస్తాయి. మూడింటి మధ్య సంబంధం ఏమిటన్నది పాఠకుడే తేల్చుకోవాలి. ధ్వనివాదులు చెప్పిన వ్యంగ్యార్థం ఇక్కడ పదానికీ పదానికీ మధ్య కాక, పత్రానికీ పత్రానికీ మధ్య పుడుతుంది.

చచ్చు - చంపు

తెలుగు వ్యాకరణంలో అకర్మక, సకర్మక క్రియల జంటలు ఉన్నాయి. కూలు - కూల్చు, మునుగు - ముంచు, చచ్చు - చంపు. మొదటి రూపంలో సంఘటన తనంతట తాను జరుగుతుంది. రెండవ రూపంలో దానికి కర్త కావాలి. ‘సొరంగం కూలింది’, ‘కార్మికులు చనిపోయారు’ అనే వాక్యాలు వ్యాకరణరీత్యా సంపూర్ణాలు. వాటికి కర్త లోటు లేదు. వినేవాడికి మరో ప్రశ్న అడగవలసిన అవసరం కలగదు. రుకైజర్ కావ్యగమనాన్ని తెలుగు పాఠకుడు మొదటి రూపం నుంచి రెండవ రూపానికి సాగిన ప్రయాణంగా గుర్తించవచ్చు.

ఈ ప్రయాణానికి మూలం ‘అబ్షాలోము’ ఖండికలోని చిన్న కొడుకు కోరిక. సొరంగంలో పనిచేసి ముగ్గురు కొడుకులను పోగొట్టుకున్న తల్లి ఇక్కడ మాట్లాడుతుంది. వారిలో చివరివాడికి 18 ఏళ్ళు. తాను పోయాక శరీరాన్ని కోయించి, ఆ దుమ్మే తనను చంపిందేమో చూడమని, అదే నిజమైతే పరిహారం కోసం ప్రయత్నించమని, కొడుకులు పోయాక తల్లికి బతుకుతెరువు ఉండదని వాడు చెబుతాడు. కర్త గురించిన మొదటి ప్రశ్న ఇది. జవాబు దొరికింది: దుమ్ము చంపింది. కాని ఆ జవాబు దగ్గర కావ్యం ఆగదు. దుమ్ము ఎందుకు లేచింది? పొడిగా తొలిచినందువల్ల. ఎందుకు పొడిగా తొలిచారు? త్వరగా ముగించాలని. ఎందుకు త్వర? ఈ గొలుసు ‘వ్యాధి’ నుంచి ‘ఆనకట్ట’ వరకు ఖండికల క్రమంలోనే ఉంది. స్టాక్‌మార్కెట్ పంక్తి దగ్గరికి వచ్చేసరికి, చనిపోయారన్న అకర్మక వాక్యం పాఠకుని మనసులో తనంతట తానే సకర్మకమవుతుంది. నేరారోపణ పత్రం చదివి వినిపించే గొంతు కావ్యంలో ఎక్కడా లేకున్నా ఆరోపణ రుజువవుతుంది.

కరుణం - నోరు

‘అబ్షాలోము’ అన్న పేరు బైబిలులో కొడుకు కోసం దావీదు రాజు చేసిన విలాపాన్ని గుర్తుచేస్తుంది. కాని ఈ తల్లి విలపించదు. ఎక్స్‌రే ఖర్చుకు డబ్బు ఎలా కూడబెట్టిందో, వైద్యుణ్ణి ఎలా బతిమాలిందో లెక్క చెప్పినట్టు చెబుతుంది. రసవాదం ప్రకారం శోకం కరుణరసంగా పరిణమించాలంటే అది ఒక వ్యక్తికి చెందిన శోకంగా మిగలరాదు. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం ఇందుకే. రుకైజర్ ఈ సాధారణీకరణాన్ని పట్టుబట్టి ఆలస్యం చేస్తుంది. పేర్లు, వయసులు, రోజులు, ధరలు విడిచిపెట్టదు. పాఠకుడు శోకాన్ని ఆస్వాదించే స్థితికి చేరబోతుండగా ఒక అంకె అడ్డుపడుతుంది. ఇది రసభంగమే. అయితే ఇక్కడ రసభంగం దోషం కాదు. సాధారణీకరణం పూర్తయితే ఆ ముగ్గురు కొడుకులు సార్వకాలిక దుఃఖానికి ఉదాహరణలవుతారు, వాళ్ళను చంపిన కారణం వెనక్కి తగ్గుతుంది.

తల్లి మాటల మధ్యలో మరో గొంతు వినిపిస్తుంది. అది ప్రాచీన ఈజిప్టు మృతుల గ్రంథం నుంచి వచ్చిన మంత్రభాష. ఈజిప్టు అంత్యక్రియల్లో మృతుని నోరు తెరిచే కర్మ ఒకటుంది. పరలోకంలో తన తరఫున తాను మాట్లాడుకోవడానికి మృతునికి అది అవసరం. ఖండిక ముగిసేసరికి తల్లి ఆ కర్మ జరిపే పురోహితుని స్థానంలో నిలుస్తుంది. తెలుగులో ‘నోరులేనివాడు’ అన్నమాట మూగవాడికంటే ఎక్కువగా బలహీనుడికే వర్తిస్తుంది. ఆ వాడుక తెలిసిన పాఠకునికి ఈ ప్రతీక పరాయిదిగా అనిపించదు. విచారణసంఘం ముందు తల్లి ఇచ్చిన సాక్ష్యమే కొడుకు నోరు తెరిచే కర్మ అయింది. పత్రమూ మంత్రమూ ఇక్కడ ఒకే పని చేస్తున్నాయి. కావ్యానికి ఆ పేరు పెట్టడంలోని ఔచిత్యం ఈ ఖండికలోనే పూర్తిగా తెలుస్తుంది.

మొక్కజొన్న చేను

మరణం అందరినీ సమం చేస్తుందన్న భావన తెలుగు కవిత్వంలో బలమైనది. జాషువ శ్మశానవాటిని వర్ణిస్తూ అక్కడ అస్పృశ్యతకు తావులేదన్నాడు. బతికి ఉండగా దక్కని సమానత్వం మట్టిలో దక్కుతుందన్న ఆ ఊహలో ఊరి మీద చేసిన తీవ్రమైన విమర్శ ఉంది. రుకైజర్ ‘మొక్కజొన్న చేను’ ఖండిక ఈ ఊహకు ఎదురుగా నిలుస్తుంది. తెల్లవారి శ్మశానాల్లో నల్ల కార్మికులకు చోటు లేదు. శవాలను మరో ఊరు సమ్మర్స్‌విల్‌కు తరలించి ఒక పొలంలో పాతారు. పైరు మొలిచిన చోట సమాధి గుర్తులు లేవు. సొరంగం మింగిన మనుషులను చేను మరోసారి మింగింది. ఇక్కడ మట్టి కూడా వివక్షకు లోబడిందే.

ఈ రెండు కవితాదృష్టులను పక్కపక్కన పెట్టి చూస్తే జాషువ మాట బలహీనపడదు. ఆయన చెప్పిన సమానత్వం దక్కాలంటే కనీసం శ్మశానమంటూ ఒకటి ఉండాలని, అక్కడ ఒక గుర్తు ఉండాలని రుకైజర్ ఖండిక స్పష్టం చేస్తుంది. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో మహాకట్టడాల వెనుకనున్న అనామక శ్రామికుల గురించి వేసిన ప్రశ్న తెలుగు పాఠకులందరికీ తెలిసినదే. ఆ ప్రశ్న ఒక చరిత్ర దృక్పథాన్ని మార్చింది. హాక్స్‌నెస్ట్ వంటి చోట ఆ ప్రశ్నకు జవాబు వెతకడం కవి చేయవలసిన తరువాతి పని. రుకైజర్ చేసింది అదే.

కావ్య పరిమితులు

ఈ కావ్యాన్ని ఆదర్శంగా స్వీకరించే ముందు దాని లోపాలను గుర్తించాలి. మొదటిది ప్రాతినిధ్యానికి సంబంధించినది. సొరంగంలోకి దిగినవాళ్ళలో అత్యధికులు నల్లజాతివాళ్ళైనా, కావ్యానికి భావకేంద్రమైన కుటుంబం తెల్లవారిది. ‘అబ్షాలోము’లోని తల్లికి దక్కినంత వ్యక్తిత్వం నల్లజాతి సాక్షులకు దక్కలేదు. ‘జార్జ్ రాబిన్సన్: బ్లూస్’ ఖండికలో నల్లజాతి కార్మికుని సాక్ష్యం ఉంది. సొరంగం నుంచి బయటికి వచ్చేసరికి తెల్లదుమ్ము కమ్మి, ఎవరు ఏ జాతివారో తెలిసేది కాదన్న చిత్రం కావ్యంలో మరపురాని వాటిలో ఒకటి. కాని వైద్యుని సాక్ష్యం సాక్ష్యరూపంలోనే మిగలగా, ఈ కార్మికుని సాక్ష్యం బ్లూస్ గీతమైంది. నల్లజాతి మనిషి మాట్లాడితే అది పాటగానే ఉండాలన్న అలవాటు ఇందులో ఉందన్న అభ్యంతరం తోసిపుచ్చదగింది కాదు. బ్లూస్ ఆ సమాజం సొంత శోకరూపమన్నది దీనికి పాక్షికమైన సమాధానం మాత్రమే.

రెండవ లోపం ముగింపులో ఉంది. ‘బిల్లు’ ఖండిక ఉపసంఘం సిఫారసులను నమోదు చేస్తుంది. పూర్తిస్థాయి విచారణ జరగాలన్న ఆ సిఫారసు ముందుకు సాగలేదు. తరువాత వచ్చే చివరి ఖండిక అమెరికా చరిత్ర మొత్తాన్ని తలచుకొని, పాఠకుణ్ణి ఉద్బోధించే స్వరంలోకి మారుతుంది. అంతవరకు కావ్యం జాగ్రత్తగా నిలబెట్టిన సాధారణీకరణం ఇక్కడ ఒక్కసారిగా తెగిన చెరువులా వచ్చిపడుతుంది. ప్రబోధ కవిత్వానికి అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఈ ఖండికే ఎక్కువ నచ్చవచ్చు. అయినా కావ్యబలం దానిలో లేదు. ‘వ్యాధి’ చివర ఉన్న ఆ ఖాళీలో ఉంది.

దోమలపెంట తరువాత

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, ప్రవేశద్వారానికి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలింది. నీరు, బురద ముంచెత్తి 8 మంది చిక్కుకుపోయారు. వాళ్ళలో ఇంజినీర్లు, యంత్రచోదకులు, కూలీలు ఉన్నారు. ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ నుంచి వచ్చినవాళ్ళు. సైన్యం, విపత్తు దళాలు, సింగరేణి రక్షణ బృందాలు పాల్గొని రెండు నెలల పాటు గాలించినా ఇద్దరి దేహాలే లభించాయి. దాదాపు 44 కిలోమీటర్ల ఈ సొరంగం ఫ్లోరైడ్ పీడిత నల్లగొండకు కృష్ణా జలాలు చేర్చడానికి తలపెట్టినది.

హాక్స్‌నెస్ట్‌కూ దీనికీ పోలిక పరిమితమైనదే. అక్కడి మరణాలు నెలలు, ఏళ్ళు పట్టిన ఊపిరాడని మరణాలు. ఇక్కడివి క్షణాల్లో జరిగినవి. అక్కడి విద్యుత్తు ఒక సంస్థ కర్మాగారం కోసం, ఇక్కడి నీరు దాహమున్న జిల్లా కోసం. కారణాలు వేరు, బాధ్యతల స్వరూపం వేరు. ఒకదాని నిర్ణయాలను మరొకదానికి అంటగట్టడం విమర్శ కాదు. కాని సాహిత్యపరంగా రెండు చోట్లా ఒకే సమస్య ఉంది. చనిపోయినవాళ్ళు ఆ నేల మీదికి పని కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళ కోసం ఏడ్చే ఇళ్ళు ఎక్కడో ఉన్నాయి. వారిలో ఆరుగురి విషయంలో విలాపానికి ఆలంబనమైన దేహం కూడా లేదు.

తెలుగు శ్రామిక సాహిత్యం తన బలాన్ని ఎక్కువగా సొంత భాషలో మాట్లాడే శ్రామికుని నుంచి పొందింది. సింగరేణి కథల్లోని మాండలికం, పల్లెపాటలోని బాణీ ఆ బలానికి గుర్తులు. దోమలపెంట మృతులు తెలుగువాళ్ళు కారు. వాళ్ళ తల్లులు, భార్యలు చెప్పగల సాక్ష్యం హిందీలోనో పంజాబీలోనో మరో భాషలోనో ఉంటుంది. తెలుగు కవి వాళ్ళ తరఫున తెలుగులో ఏడవడం సులువు. వాళ్ళు అన్నమాటలను వెతికి, అనువదించి, తన గొంతును తగ్గించి పుటమీద నిలపడం కష్టం. ‘మృతుల గ్రంథం’ చూపిన దారి రెండవది. రాబిన్సన్ ఖండిక విషయంలో అది చేసిన తప్పు కూడా ఇక్కడ హెచ్చరికగా పనికివస్తుంది. పరాయి భాష కార్మికుని మాటను తెలుగు జానపద గేయంగా మార్చినంతమాత్రాన అతనికి నోరు వచ్చినట్టు కాదు.

ముగింపు

‘మృతుల గ్రంథం’ ప్రత్యేకత సొరంగ మరణాలను వస్తువుగా తీసుకోవడంలో మాత్రమే లేదు. ప్రమాదమని పేరుపెట్టి మూసిన కాగితాలను తిరిగి తెరిచి, వాటి మాటలతోనే కర్తృప్రశ్నను నిలబెట్టడంలో ఉంది. అందుకోసం అది కరుణరస పరిపాకాన్ని వదులుకుంది, అలంకరణను వదులుకుంది, చాలాచోట్ల కవి గొంతునే వదులుకుంది. ఈ త్యాగాల వల్ల అది కవిత్వం కాకుండా పోలేదు.

తెలుగులో ఇటువంటి రచనలను విలువకట్టేటప్పుడు నివేదిక, కవిత్వం అన్న విభజనను పునఃపరిశీలించవలసిన అవసరం ఉంది. ఒక రచనలో నివేదిక ఎంత ఉందన్నది కాక, నివేదికలోని మాటను ఏ చోట ఆపింది, దేని పక్కన నిలిపింది అన్నది కొలత కావాలి. చచ్చు అన్న క్రియ దగ్గర ఆగిందా, చంపు అన్న క్రియకు కర్తను వెతికిందా అన్నది మరో కొలత. ప్రమాదమనే మాట అసలు అర్థం అనవధానమని అమరకోశం ఎప్పుడో చెప్పింది. ఆ అర్థాన్ని నిఘంటువుకే వదిలేయకుండా నడిచే వాక్యంలోకి తేవడం తెలుగు కవి ముందు, కవి కంటె ముందుగా విమర్శకుని ముందు ఉన్న పని.